నాన్న మాటల్లో ప్రశ్న గుర్తులు

"మైకు అక్కర్లేని మనిషి" అనేవారు ఆయన్ని. బస్టాండులో ఏ బండి ఎటు వెళ్తుందో గొంతెత్తి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే గొంతు. వంటింట్లో మాట్లాడితే వీధి గుమ్మం దాకా వినబడేది. గొంతులో పుండు లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది.

కూతురు ప్రోగ్రామర్. తండ్రి చేతికి టాబ్లెట్ ఇచ్చి, ఆయన టైపు చేసింది పక్కనున్న స్పీకరు పెట్టె చదివేలా తనే ప్రోగ్రాం రాసింది. తొలిరోజు ఆయన ఒక్క వేలితో, ఓపిగ్గా, భార్య కోసం ఒక పొడుగాటి వాక్యం కొట్టాడు. పెట్టె సగం దాకా బాగానే చదివి, "ప్రశ్న గుర్తు, ప్రశ్న గుర్తు" అంది.

"ఇన్నేళ్ల కాపురంలో నన్నొక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు, ఇప్పుడు వరసపెట్టి అడుగుతున్నారే" అంది తల్లి. ముగ్గురూ నవ్వుకున్నారు. చిన్న లోపమే కదా, తీరిక చూసుకుని సరిచేద్దామనుకుంది కూతురు. ఆఫీసు పనుల్లో పడి అది అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత పెట్టె నోట పొడి మాటలే వచ్చేవి. నీళ్లు. చాలు. వద్దు. జబ్బు మనిషిని ముభావిగా మార్చేసిందని కూతురు బెంగపడింది. ఒక సాయంత్రం ఆయన వెనకగా వచ్చి చూస్తే, తెర నిండా ఏదో రాసి, కాసేపు దాన్నే చూసి, ఒక్కో అక్షరం చెరిపేస్తున్నాడు. చివరికి "లైటు వెయ్యి" అని మాత్రం పంపాడు.

పొడుగు మాట విరుగుతుందని తెలిసి, తన మాటల్ని తనే కురచ చేసుకుంటున్నాడన్నమాట. ఆమె అప్పటికప్పుడే ప్రోగ్రాం తెరిచి కూర్చుంది.

కంటికి ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" యంత్రానికి ఆరు గుర్తులు: స, త, ర, వాటిని కలిపే రెండు పొల్లులు, గుడిదీర్ఘం. ఒక్కో గుర్తును యంత్రం మూడేసి బైట్లుగా, అంటే మూడు చిన్న తునకలుగా, దాచుకుంటుంది. వాక్యం పొడుగైతే ప్రోగ్రాం దాన్ని ఇన్నేసి బైట్ల లెక్కన ముక్కలుగా కోసి పంపుతోంది. పెట్టె ఏ ముక్కకా ముక్క విప్పి చదివేస్తోంది. కోత గుర్తు మధ్యలో పడితే మిగిలేది ప్రశ్న గుర్తే.

ముందు గుర్తుకీ గుర్తుకీ మధ్యనే కోసేలా మార్చింది. ప్రశ్న గుర్తులు పోయాయి గానీ, ఒత్తులు ఊడి పెట్టెకు నత్తి వచ్చింది. చాలాసేపు తల బద్దలుకొట్టుకుని, చివరికి కోత సంగతి వదిలి అతుకు మీద పడింది. ముక్కలన్నీ చేరేదాకా పెట్టె ఆగాలి. వాటిని కలిపాకే అక్షరాలుగా విప్పాలి.

"ఎంత పొడుగైనా రాయి నాన్నా, ఇక విరగదు" అంది.

ఆయన నమ్మకం లేనట్టు చూశాడు. అయినా చాలాసేపు టైపు చేసి, పంపేముందు భార్యను పక్కన కూర్చోమని సైగ చేశాడు. పెట్టె ఒక్క క్షణం ఆగి చదివింది: "ఆపరేషన్ రోజు నుంచీ ఒంటరిగా ఉన్నప్పుడల్లా నాకు భయం వేస్తోంది, ఈ సంగతి ముందు నీకే చెప్పాలని ఎన్నిసార్లు రాశానో, ఎన్నిసార్లు చెరిపానో."

తల్లి ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"నాకూ భయంగానే ఉందండీ. మీరు బెదిరిపోతారని దాచాను" అంది.

ఆయన రెండో చేత్తో మళ్లీ టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. కూతురు లేచి పక్క గదిలోకి వెళ్లింది.