మూసిన పెట్టె, మాడుగుల హల్వా

ఆ రోజుల్లో నాకు మహా పట్టుదల అని అందరూ అనేవారు. నేనూ నమ్మాను. ఎంతవరకు నిజమో చెబుతాను, మీరే తేల్చండి. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది, ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారని లాప్‌టాప్ పట్టుకుని చోడవరం వచ్చేశాను. ఎక్కడో విదేశంలో, భూమి అడుగున సొరంగంలో కణాలను ఢీకొట్టిస్తారు. అవి చెదిరిపోతూ, చుట్టూ పొరలుగా పెట్టిన పరికరాల్లో చుక్కలు వదులుతాయి. ఏ చుక్క ఏ కణానిదో కలిపి, అది నడిచిన దారి గీసే ప్రోగ్రాము నాది. దారులన్నీ ఢీకొన్న చోటు నుంచే బయల్దేరాలి. ఎక్కడో దూరంగా, ఖాళీ చోట రెండు దారులు కలిస్తే, కంటికి చిక్కని కొత్త కణమేదో అక్కడిదాకా వచ్చి విరిగిందేమోనని మా ఆశ. (ఇంత వివరించినా మా అమ్మ వీధిలో నా గురించి "మా గుంట చుక్కలు కలుపుతాది" అనే చెప్పేది. ముగ్గులు నేర్పమని ఇద్దరు పిల్లలు వచ్చారు కూడా.)

చిక్కల్లా ఒక్కటే. కొత్త కణం ఉండొచ్చనుకున్న భాగాన్ని ముందే చూడకూడదు. పద్ధతి ఖాయం చేసి, పొరపాటున అలా కలిసినట్టు కనబడే ఉత్తుత్తి దారులు ఎన్ని వస్తాయో రాసిచ్చాకే తెరవాలి. ముందే చూస్తే మనకు కావలసిందే కనబడేలా పద్ధతిని వంచేస్తామట. ఆ చూడకూడని భాగాన్ని మేం పెట్టె అంటాం. ముందే చూస్తే ఫలితం మీద నా పేరుండదని గైడుగారు తెగేసి చెప్పారు. మొదటి పని, మొదటిసారి అచ్చయ్యే పేరు. చచ్చినా చూడనని ఒట్టు పెట్టుకున్నాను. కానీ తెరవడానికి ఒక్క ఎంటర్ నొక్కితే చాలు, అదే ప్రాణం తీసేది.

ఈ వ్యవహారం మా నాయనమ్మకు తెగ నచ్చింది. బాబాయి మాడుగుల నుంచి తెచ్చిన హల్వా అట్టపెట్టెకు నడుమన పసుపుదారం కట్టి దేవుడి గూట్లో పెట్టింది.

"నువ్వు నీ పెట్టి తెరిసిన్నాడే నేనూ ఇది తెరుస్తాను. అందాకా ఎవులూ ముట్టకండి" అంది.

నెల రోజులు పంతంగా కూర్చున్నాను. రోజూ ప్రోగ్రాము తప్పులు దిద్దడం, ఉత్తుత్తి దారులను ఏరడం. వేలు ఎంటర్ మీదకు పోయినప్పుడల్లా లేచి దేవుడి గూటి దగ్గరకు నడిచేదాన్ని. దణ్ణం పెట్టుకోవడానికే, నిజం. మూడో రోజున, దారం విప్పకుండానే పెట్టె ఎడమ చివర తెరుచుకుంటుందని కనిపెట్టాను. ఒక్క చెంచా. మనసు కుదుటపడేది. వెనక్కొచ్చి పని చేసుకునేదాన్ని. ఎన్ని చెంచాలైందో రాసుకున్నాను కూడా (చదువు చెడగొట్టిన బుర్ర). చివరి వారంలో చెంచా లోపలికి పెడితే, నా లెక్క ప్రకారం ఉండాల్సిన చోట హల్వా లేదు. రాయడం మరిచిపోయి తిన్నానని సిగ్గుపడ్డాను.

తెరిచే రోజు వచ్చింది. వీడియోలో గైడుగారు ఒకటే అడిగారు, ముందే చూశావా అని. లేదన్నాను. ఎంటర్ నొక్కాను. ఎన్ని ఉత్తుత్తి దారులు వస్తాయని రాశానో అన్నే వచ్చాయి. కొత్తది ఒక్కటీ లేదు. శుభ్రంగా చేశావు, నీ పేరుంటుంది అన్నారాయన. అయినా నాకు ఏడుపొచ్చింది.

"నేకపోతే నేకపోయింది, ముందు నోరు తీపి చేసుకో" అంటూ నాయనమ్మ పెట్టె తెచ్చింది. దారం విప్పి, పైమూత చింపింది. ఎడమ నుంచి చెంచాతో తవ్విన సొరంగం ఒకటి, కుడి నుంచి వేలితో తవ్విన సొరంగం ఒకటి. రెండూ సరిగ్గా నడుమన, దారం కింద కలిశాయి. నేను ఆవిడ వేలు చూశాను. ఆవిడ నా మొహం చూసింది.

"ఎడమ పక్క నీదా?"

"కుడి పక్క?"

ఆవిడ దారం చుట్ట చుట్టుకుంది. "ఏటి సెయ్యనే. నువ్వెక్కడ సూసేస్తావోనని బెంగొచ్చినప్పుడల్లా కూసింత తిన్నాను."

ఇప్పుడు, "ముందే చూశావా" అని అడిగే గైడు కుర్చీలో నేనున్నాను. నా దగ్గర పరిశోధన చేసే పిల్లలు "లేదు" అంటే నమ్ముతాను. నా సొరుగులో మాడుగుల పెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ఇప్పటికీ ఎడమ చివర నుంచే తింటాను. కుడి పక్క, నాయనమ్మ వైపు హల్వా అలాగే ఉంటోంది.