గైడును చూడటానికి మా నాయన వచ్చాడు

ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదివి మదనపల్లెలో పాఠాలు చెబుతున్న రోజుల్లో నాకు పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి బెంగళూరులో పేరుమోసిన ప్రొఫెసర్ దగ్గర, రెండోది తిరుపతిలో ఎవరూ పేరు వినని ఒక కొత్త గైడు దగ్గర. నేను బెంగళూరే అనుకున్నాను. పుంగనూరు దగ్గర వేరుశనగ పండించే మా నాయన మాత్రం, సంబంధం చూసినట్టు రెండు చోట్లా చూశాకే పంపుతానన్నాడు.

కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లాం. ప్రొఫెసర్ ఊళ్లో లేరు. అక్కడ పరిశోధన చేస్తున్న గడ్డం మనిషిది కుప్పమేనని తెలిసి నాయన పలకరించాడు.

"మీ సారు ఎప్పుడొస్తాడప్పా?"

"ఈ నెల వస్తాడేమో. పోయిన నెలా అట్లే అనుకుంటిమి."

తిరుపతిలో గైడు స్వయంగా గాజుసామాను కడుగుతున్నారు. నాయన చొక్కా జేబులోంచి ఒక ఆకు తీశాడు.

"సెనక్కాయ ఆకుకి ఈ మచ్చలు యాల వస్తాండాయి సారూ?"

ఆయన చేతులు తుడుచుకుని నాయనను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. గంటసేపు నేనొకదాన్ని అక్కడున్నానని ఇద్దరికీ గుర్తు లేదు.

తిరుగు బస్సులో నాయన అన్నాడు. "నీ ఇష్టమమ్మా, యాడన్నా సేరు. నేనైతే ఈడే సేరతా."

నాకు నవ్వొచ్చింది, కాస్త కుళ్లూ పుట్టింది. తిరుపతిలోనే చేరి, ఆ ఆకుమచ్చ తెగులు మీదే ఐదేళ్లు పనిచేశాను. ప్రతి వానాకాలం గైడు మా చేనికి వచ్చి, నా పని ఎందాకా వచ్చిందని నాయననే అడిగేవారు.

"పర్వాలేదు సారూ, పిల్ల కష్టపడతాండాది" అని నాయన గంభీరంగా చెప్పేవాడు.