కర్పూరం మాయమైన బీరువా

నాలుగు కర్పూరం బిళ్లలు నన్ను ఎన్ని తిప్పలు పెట్టాయో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అంబత్తూరులో కొత్తగా ఉద్యోగం దొరికి, అదే నగరంలోని వాషర్‌మెన్‌పేట్‌లో ఒక పాత ఇంటి మేడమీది గదిలో అద్దెకు దిగాను. ఇంటావిడ రత్నమ్మగారు గదిలోని చెక్క బీరువా చూపించి, "ఇది మా ఆయనది నాయనా. ఆయన పోయినాక ఖాళీగానే పడుండాది. నువ్వు వాడుకో" అన్నారు. అయ్యో పాపం అనుకుంటూ తాళంచెవి తీసుకున్నాను.

బట్టలకు పురుగు పడుతోందని ఫోనులో అమ్మతో అంటే, "మడతల మధ్య కర్పూరం పెట్టరా" అంది. కాగితంలో పొట్లం కట్టి పెట్టి తాళం వేశాను. కొన్నాళ్లకు తీసి చూద్దును కదా, పొట్లం కట్టినట్టే ఉంది, లోపల కర్పూరం లేదు! మళ్లీ పెట్టాను. మళ్లీ మాయం. పొట్లం పక్కనే పెట్టిన నా వాచీని ముట్టుకోకుండా, తాళం తీయకుండా, ఒక్క కర్పూరమే పట్టుకుపోయే దొంగ ఎవరు? ఒక్కటే జవాబు తట్టింది. బీరువా సొంతదారైన పెద్దాయన దయ్యం!

ఆ ఆదివారం సాయంత్రం బీరువా తెరిచి, దాని ముందు నిలబడి చేతులు జోడించాను. "పెద్దాయనా! మీ బీరువా మీరే ఉంచుకోండి. నన్నేం చేయకండి."

వెనక దగ్గు వినిపించింది. "ఎవురప్పా నువ్వు? నా బీరువా కాడ ఏం చేస్తా ఉండావు?"

గుమ్మంలో తెల్ల పంచె, తెల్ల జుట్టు, నుదుటి నిండా విభూతి! పారిపోవడానికి ఉన్న ఒక్క దారికీ ఆయనే అడ్డం. బీరువాలోకి దూరి, తలుపు లాక్కుని, కెవ్వున కేక పెట్టాను.

రత్నమ్మగారు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చారు. "ఏమయా, పిల్లోడిని ఏం చేస్తివి?"

"నేనేం చేయలేదే! నన్ను చూసి వాడే దూరినాడు!"

"పెద్దమ్మా, ఆయన పోయారన్నారు కదా!" అని లోపల్నించే ఏడ్చాను.

"అవును, నెల్లూరికి పోయినాడు, కూతురి కాడికి. ఇప్పుడే దిగినాడు!"

ఆవిడ నుదుట రూపాయి కాసంత బొట్టు రోజూ చూస్తూనే ఉన్నాను. చూసినదాన్ని ఆలోచించే అలవాటు ఉంటే కదా!

బయటికొచ్చి కర్పూరం సంగతి చెబితే పెద్దాయన పగలబడి నవ్వారు. "చెట్టు చెక్కని ఉడకేసి, ఆవిరి పట్టి తీసే సరుకప్పా అది. ఆవిరిగా పుట్టింది, ఆవిరిగానే పోతాది. మూతుండే డబ్బాలో పెట్టాల."

ఇంతలో రత్నమ్మగారు పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చారు. బెదిరిన నాకు దిష్టి తీస్తారని వినయంగా తల వంచాను.

"నీకు గాదు, జరుగు" అని మొగుడి చుట్టూ తిప్పారు. "బతికుండే మనిషిని చంపేస్తివి గదప్పా!"

ఆ మంట సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో, సరిగ్గా విచారించకుండా, ఏ పెద్దమనిషినీ స్వర్గానికి పంపను.