ఎనిమిదో బిట్టు

జూబ్లీ హిల్స్‌లో మా సంగీత దర్శకుడి ఇంటి కింది అంతస్తే ఆయన స్టూడియో. అక్కడి పాత కీబోర్డులో టోన్లన్నీ, అంటే అది పలికే గొంతులన్నీ, నేను చేసినవే. సన్నాయికీ క్లారినెట్‌కీ నడుమ ఉండే ఆ గొంతు కోసం ఎన్ని రోజులు బటన్లు నొక్కుతూ కూర్చున్నానో. ఏ కాలేజీలోనూ చదవలేదు, రేడియోలు విప్పి నేర్చుకున్నాను. రికార్డింగు ఉందంటే మోతీనగర్‌లో మా ఇంటికి ఆయన కారు వచ్చేది. నేను లేకుండా ఆ కీబోర్డు ఎవరి మాటా వినేది కాదు.

మొన్నామధ్య దాని బోర్డు కాలిపోయింది. టోన్లు మాత్రం నేనెప్పుడో కంప్యూటర్లోకి దింపిన ఫైలులో ఉన్నాయి. తెరిస్తే వట్టి అంకెలు. అచ్చం ఆ కీబోర్డులాగే పలికే సాఫ్ట్‌వేర్ ఉందిగానీ, అది ఈ మూటను విప్పుకోలేదు.

ఆయన ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అవి పోతే నేను పోయినట్టేనండీ. మీరే బయటికి తీయాలి."

"తీస్త. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను.

ఒక్కో అంకెకు ఎనిమిది బిట్లు, అంటే ఎనిమిది సున్నాలో ఒకట్లో. ఆ కీబోర్డు కేబులు మాత్రం ఏడింటినే మోస్తుంది. అందుకని ఏడు అంకెల ఎనిమిదో బిట్లను తీసి, ఒక బుట్టలో వేసి ముందుగా పంపుతారు. నా ఫైలూ ఆ కేబులు మీద అలా వచ్చిందే. ఏడుగురి చెప్పులు ముందొచ్చి, మనుషులు వెనక వచ్చినట్టు. ఎవరి చెప్పులు వాళ్లకు తొడగాలి. నేను మొదట కుడి నుంచి కాకుండా ఎడమ నుంచి తొడిగాను. సన్నాయి కుక్కరు విజిలేసినట్టు కూసింది. నా ఇంటామె పెరట్లోంచి, "జర ఆ పొయ్యి బంద్ చెయ్యి," అంది. వరస తిప్పాను. ఆ గొంతు మళ్లీ పలికింది. కళ్లు తుడుచుకుని ఫైలు పంపించాను.

తర్వాత కారు రాలేదు. రికార్డింగులు లేవేమో అనుకున్నాను.

దసరాకు ఆయన స్టూడియోలో ఆయుధపూజ. ఏ వాయిద్యం ఎవరి చేతిదో వాళ్లే దానికి బొట్టు పెట్టాలి. ఎవరూ పిలవరు, ఏటా స్నానం చేసి నేనే పోతాను. కుంకుమ వేలికద్దుకుని చూస్తే, ఈసారి కీబోర్డు ఉండే చోట లాప్‌టాప్ ఉంది. దానికి ఒకమ్మాయి కుంకుమ పెడుతోంది.

"ఎప్పుడు చేరినవమ్మా?"

"కీబోర్డు పాడైన వారమే అంకుల్. మీ ఫైలు వచ్చేదాకా ఖాళీగా కూర్చున్నాను. టోన్లన్నీ ఇప్పుడు ఇందులోనే."

నా వేలికి అంటిన కుంకుమ వేలికే ఉంది. ఆయన పులిహోర ప్లేటుతో వచ్చి, "ఇంకెందుకు అన్నయ్యా మీకు శ్రమ, హాయిగా రెస్ట్ తీసుకోండి," అన్నాడు.

"నన్ను తీసెయ్యనీకి నాతోనే పని చేయించుకున్నరు గదా సారూ."

"అంత మాటెందుకండీ. పండగ పూట."

"గా ముక్క ముందే చెప్పి అడిగినా చేసేటోణ్ణి."

ఆయన ప్లేటు నా చేతిలో పెట్టబోయాడు. పక్కన బల్ల మీద పెట్టించి బయటికొచ్చాను. ఫిల్మ్ నగర్ వైపు నడుస్తుంటే ఆయన డ్రైవరు వెనకే వచ్చి కారు ఆపి, ఎక్కమన్నాడు. వద్దన్నాను.

నేనన్నది కోపంలో అన్న మాటేనా అని చాలాసార్లు ఆలోచించాను. కాదు. చెప్పి అడిగితే నిజంగానే చేసేవాణ్ణి. ఇన్నేళ్లు పక్కన కూర్చున్నా ఆయనకు ఆ సంగతి తెలియలేదు.