తాకేటాలో నీలం పుట్టగొడుగు

నా మొగుడు లారీ తోలేవాడు. బర్మాలో మా యాంగోన్ నుంచి ఉత్తరానికి, లాషియో దాటి కొండల్లోకి. ఇంటికొచ్చాడంటే ఇక కబుర్లే కబుర్లు. వాటిల్లో నాకు బాగా నచ్చింది పిచ్చి పుట్టగొడుగు సంగతి.

పైన చలి కొండల్లో గడ్డిలో మొలిచేది చిన్నదట, మొనదేలిన టోపీ పెట్టుకున్నట్టు ఉంటుందట. కిందికి దిగేకొద్దీ గేదె పేడ మీద మొలిచేది పెద్దదట. దేని కాడ నలిపినా నీలం తిరుగుతుందట. తిన్నవాళ్లు ఊరికే నవ్వుతారట, ఊరికే ఏడుస్తారట, చచ్చిపోయినవాళ్లు ఎదురుగా కూర్చున్నట్టు వాళ్లతో మాట్లాడతారట. తను మాత్రం తినలేదన్నాడు. నేను నమ్మలేదు.

"మన కాలవ అవతల తాకేటాలో మొలవదేటి?" అన్నాను.

"ఎందుకు మొలవదే? గేదుంటే పేడుంటాది, వాన పడితే అదుంటాది."

"నీ తలకాయ, మావా! అది కొండ సరుకు. చలి లేకపోతే ఏటి మొలుస్తాది?"

ఏటేటా వానలకి ఇదే గొడవ. ఏ ఏడూ ఇద్దరం కలిసి వెళ్లి చూసింది లేదు. ఆయన పోయాడు.

పోయినేడు వానలు పట్టాక, కాలవ దాటి తాకేటాలో పాలమ్మే గంజాం ఆవిడ గేదెల దొడ్డికి వెళ్లాను. పాల కోసం కాదు. పోయిన మా ఆయన్ని ఒక్కసారి చూడాలని.

"ఏటప్పా, పేడలో ఏటి ఎతుకుతున్నావు? ఉంగరం పడిపోనాదేటి?" అందామె.

"మొగుడు పడిపోనాడు," అన్నాను. ఆమె పకపకా నవ్వి, నా మొహం చూసి గబుక్కున ఆపేసింది.

దొడ్డి వెనక పేడ మీద నాలుగున్నాయి. ఒకదాని కాడ నొక్కాను. కాసేపటికి సిరా ఒలికినట్టు నీలం. గెలిచావు పో, అని చెప్పడానికి పక్కకి తిరిగాను కూడా. గోడ ఉంది.

కొంగులో కట్టుకుని కాలవ ఇవతల పజుండౌంగ్‌లో మా ఇంటికొచ్చాను. కడిగి గిన్నెలో వేశాను. పొయ్యి వెలిగించబోతూ ఆగిపోయాను. తింటే వస్తాడు సరే, ఎలా వస్తాడు? నాతో వాదులాడిన మనిషిలా వస్తాడా, ఆఖరి నెలల్లో మంచం మీద ఊపిరందక నా చెయ్యి పిసికినవాడిలా వస్తాడా? కోరుకున్నట్టు రమ్మనడానికి అది నా చేతిలో పనా? ఆ రెండోవాణ్ని మళ్లీ చూడలేను.

కాలవలో కుమ్మరించేశాను. గిన్నె రెండుసార్లు తోమాను, మనవరాలు అందులోనే పాలు తాగుతుంది.