పదమూడు దారులు, పద్నాలుగు రోజులు

మొన్న మంగళవారం ఉదయం మా ల్యాబులో సెంట్రిఫ్యూజ్ తిరగడం ఆగాక మూత తీశాను. లోపల పన్నెండు గొట్టాలు. పదకొండింటిలో రక్తం పైన తేలిన సీరం ఎప్పటిలాగే ఎండుగడ్డి రంగులో ఉంది. ఏడో గొట్టంలోది మాత్రం, పసుపుకొమ్ము అరగదీసి నూనెలో కలిపినట్టు ముదురుగా ఉంది. అలాంటిది వచ్చినప్పుడు నేను చేయవలసిన పనులు మూడే: పరీక్ష రెండోసారి వేసి చూడటం, సీరం రంగు రిపోర్టులో రాయడం, పంపిన డాక్టరుగారికి ఫోను చేయడం. మూడూ చేశాను. తర్వాత నా పని కానిది ఇంకొకటి కూడా చేశాను. కాగితం మీదున్న నంబరుకి ఫోను చేసి, విస్సన్నపేటలో ఉన్న ఆ పేషెంటుకి స్కానింగ్ ఇవాళే చేయించుకోమని చెప్పాను. "అంత తొందరేంటండీ? మామిడికాయ కోతలో ఉన్నాం. వారం ఆగి వెళ్తాంలెండి," అన్నాడాయన. "వద్దండి, ఇవాళే వెళ్లండి," అన్నాను. కారణం ఫోనులో చెప్పలేకపోయాను. చెప్పాలంటే మా అత్తయ్య దగ్గర మొదలుపెట్టాలి.

అత్తయ్య మా నాన్నకి అక్క. తిరువూరులో ముప్పై ఏళ్లు ఆయుర్వేద వైద్యం చేసింది. మా ఇంటికి రెండు వీధుల అవతల ముందు గది వైద్యానికి, వెనక గది కాపురానికి. కాపురమంటే ఆమె ఒక్కతే. మామయ్య నేను పుట్టకముందే పోయాడు, పిల్లలు లేరు. ముందు గదిలో శొంఠి, కరక్కాయ, కాచిన నువ్వుల నూనె కలిసిన వాసన ఎంతగా పట్టేసేదంటే, ఆమె ఆదివారం చర్చిలో మా వెనక బల్ల మీద కూర్చుంటే తల తిప్పకుండానే తెలిసిపోయేది. మందు ఇచ్చేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఆ వెంటనే సంస్కృతంలో శ్లోకం చదివేది. ఆయుర్వేద కళాశాలలో చేరినప్పుడు ఆమెకి సంస్కృతం ఒక్క ముక్క రాదట. అందుకని శ్లోకాలన్నిటినీ చర్చి పాటల బాణీల్లో పెట్టుకుని కంఠస్థం చేసింది. వాతరోగాల శ్లోకం వింటే నాకు ఇప్పటికీ ఆరాధన ముగిసి అందరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కోవడమే గుర్తొస్తుంది.

ఆమె వైద్యమంతా ఒక జాబితా మీద నడిచేది. శరీరం అంటే దారులు అనేది. పుస్తకాల్లో వాటి పేరు స్రోతస్సులు. మొత్తం పదమూడు: ప్రాణం, నీరు, అన్నం, రసం, రక్తం, మాంసం, కొవ్వు, ఎముక, మజ్జ, శుక్రం, మూత్రం, మలం, చెమట. ఒక్కొక్కటి పోవడానికి ఒక దారి. ఎవరు వచ్చినా, మోకాలు నొప్పని వచ్చినా సరే, పదమూడింటినీ వరసగా అడిగేది. దానికి ఆమె పెట్టుకున్న పేరు హాజరు. "తలనొప్పికి దొడ్డికెళ్లిన సంగతి దేనికమ్మా?" అని ఒక రైతు సిగ్గుపడితే, "నీ చేలోకి నీళ్లు రాకపోతే చేలోనే తవ్వుకుంటావా? కాలవ పైనుంచి చూసుకుంటూ రావూ?" అంది. పదోదాని దగ్గరకి వచ్చినప్పుడు మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అడిగేది. పాస్టరుగారు వచ్చినప్పుడు తొమ్మిది నుంచి పదకొండుకి దూకేస్తుందని నాన్న ఎగతాళి చేసేవాడు. ఆమె ఒప్పుకునేది కాదు.

నాకు జాబితాలంటే మొదటినుంచీ ఇష్టం. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో పాథాలజీ చదువుతున్నప్పుడు ఒక పొడుగు నోటుబుక్కులో ఎడమవైపు ఆమె దారులు, కుడివైపు మా పాఠాలు రాయడం మొదలుపెట్టాను. దారి చెడటం నాలుగు రకాలని ఆమె చెప్పింది: పారకం మితిమీరడం, అడ్డుపడటం, ముడిపడటం, తన దారి వదిలేసి వేరే దారిన పోవడం. మాది సాగర్ కాలవ చివరి భూముల ప్రాంతం. ఇక్కడివాళ్లకి ఇవి విడమర్చి చెప్పనక్కర్లేదు. మితిమీరితే వరద, అడ్డుపడితే పూడిక, దారి తప్పితే గండి. "మరి ముడికి ఏంటత్తయ్యా?" అంటే, "గుర్రపుడెక్క," అని ఠక్కున చెప్పింది. నేను వాటి పక్కన విరేచనాలు, మూత్రపిండంలో రాయి, కణితి అని రాసుకుంటూ పోయాను. అన్నీ కుదరలేదు. ఆమె దారి అన్నది కొన్నిచోట్ల మాకు కంటికి కనిపించే గొట్టం, కొన్నిచోట్ల కణానికీ కణానికీ మధ్య సందు. కొన్నిచోట్ల మా దగ్గర అలాంటిది అసలేమీ లేదు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టాను. ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆమెను ల్యాబుకి తీసుకొచ్చి మైక్రోస్కోపులో కాలేయం స్లైడు చూపించాను. కళ్లజోడు తీసేసి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇంత సన్నటి దారులు మావాళ్లెవరూ చూడలేదు కదరా. ఉన్నాయని ఎట్లా రాశారు?"

"ఊహించి రాశారత్తయ్యా."

"ఊహించడం తేలికనుకుంటున్నావా, అల్లుడూ?" అంది, కన్ను తీయకుండానే.

రెండేళ్ల కిందటి వేసవిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె ఇంటికి వెళ్లేసరికి వెనక గదిలో కూర్చుని కొబ్బరిపీచుతో చేతులు రుద్దుకుంటోంది. ఒళ్లంతా దురద అంది. కిటికీ తలుపు తీస్తే కళ్లు కనిపించాయి. తెల్లగుడ్డు పసుపుపచ్చగా ఉంది. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నోటుబుక్కు తెచ్చుకో. ఇవాళ హాజరు నువ్వు తీసుకో."

నేను చదివాను, ఆమె చెప్పింది. ప్రాణం బాగానే ఉంది. నీళ్లు బాగానే తాగుతోంది. అన్నం సయించడం లేదు, నూనె వాసనకి వికారం. పదోదాని దగ్గర, "అది కొట్టేయ్, అప్రాచ్యుడా," అంది. ఇద్దరం నవ్వాం. "మూత్రం?" అన్నాను. "టీ డికాషను." "మలం?" అన్నాను. ఊళ్లో అందరినీ ఈ ప్రశ్న మొహమాటం లేకుండా అడిగిన మనిషి తన వంతు వచ్చేసరికి కొబ్బరిపీచు వైపు చూస్తూ కూర్చుంది. చివరికి, "నువ్వుల పిండి," అంది. "ఎన్నాళ్లనుంచి?" "పది రోజులు."

కామెర్లలో మలం రుబ్బిన నువ్వుల్లా తెల్లబడితే పిత్తం పోయే దారి మూసుకుందని అర్థమని ఆమె పుస్తకాల్లో ఉంది. పిత్తవాహిక మూసుకుంటే మలం బంకమన్ను రంగుకి వస్తుందని మా పుస్తకాల్లో ఉంది. అప్పటికప్పుడు రక్తం తీసుకెళ్లి పరీక్ష చేశాను. కామెర్లను కొలిచే బిలిరుబిన్ ఆరు. ఒకటి దాటితేనే ఎక్కువ. మిగతా అంకెలు కూడా కాలేయం చెడటం కాదు, దారి మూసుకోవడమేనని చెప్తున్నాయి. నోటుబుక్కులో ఇంత చక్కగా కుదిరిన వరస ఇంకొకటి లేదు. నేను చేసిన మొదటి తప్పు సంతోషపడటం. నిజంగానే సంతోషపడ్డాను. కాగితం పట్టుకుని పరుగెత్తాను. "నీ లెక్కా అదే, నా లెక్కా అదే," అని ఆమె కూడా మెరిసిపోయింది. దారి ఎక్కడ మూసుకుందో ఇద్దరికీ తెలిసింది. దేనితో మూసుకుంది అన్నది మా పాఠంలో ఆ తర్వాతి ప్రశ్న. ఆమె పుస్తకంలో దానికి జవాబు ముందే ఉంది: కఫం. కఫమైతే కరుగుతుంది. మాదీఫలం రసంలో శొంఠి, పిప్పలి, మిరియాలు, తేనె. పద్నాలుగు రోజులు వాడి చూద్దామంది. మాదీఫలాలు రెడ్డిగూడెం అవతల ఒక తోటలో ఉన్నాయంటే బండి వేసుకెళ్లి సంచీడు తెచ్చింది నేనే.

నాన్న ఆర్టీసీలో డ్రైవరు, విజయవాడ బస్సు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. అక్క కళ్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రేపు నా బస్సులోనే రా అక్కా. స్కానింగ్ తీయిద్దాం."

"ఏంట్రా, వైద్యం నువ్వు చెప్తావా నాకు?"

"వైద్యం నాకేం తెలుసు? స్టీరింగ్ ముందర ఎర్ర లైటు వెలిగితే బండి పక్కన ఆపుతాం. పుస్తకం తీసి చదవం."

"అందుకే నీ బస్సు ఎప్పుడూ లేటు," అంది అత్తయ్య. నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. చదువుకున్నావుగా." మందు గుణం రాసుకోడానికి గీసిన పట్టిక చూపించాను. పద్నాలుగు అడ్డగళ్లు, రోజుకొకటి. నిలువు వరసల్లో మూత్రం రంగు, మలం రంగు, దురద, ఆకలి, బరువు. ఒకటి, అయిదు, తొమ్మిది, పద్నాలుగు రోజుల్లో బిలిరుబిన్. పద్ధతి ప్రకారం చేస్తున్నాం నాన్నా, కంగారుపడకు అన్నాను. నాన్న ఆ కాగితం కాసేపు చూసి, మడత పడకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. చదువు మీద ఆయనకున్న గౌరవం అలాంటిది.

అయిదో రోజు తొమ్మిది వచ్చింది. మందు పట్టడానికి టైము పడుతుందంది అత్తయ్య. తొమ్మిదో రోజు పదమూడు వచ్చింది. యంత్రం తప్పేమోనని మళ్లీ వేశాను. పదమూడే. కఫం కరగడం లేదని, కరిగేదే అయితే అంకె ఇలా రోజుకొకటి చొప్పున ఎక్కదని ఆ నిమిషంలోనే నాకు అర్థమైంది. కాగితం తీసుకెళ్లేసరికి ఆమె కల్వంలో పిప్పళ్లు నూరుతోంది. చెయ్యి తుడుచుకుని అంకె చదివింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెద్ద సీసా కింద ఉంచింది. నేను ఏదో ఒకటి అనాలి. "ఇంకా అయిదు రోజులున్నాయి కదత్తయ్యా," అన్నాను. ఎందుకలా అన్నానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. దొరికిన జవాబు ఒక్కటే, సిగ్గుచేటైనది: పట్టికలో ఇంకా అయిదు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె "ఊఁ" అని మళ్లీ కల్వం ముందుకు లాక్కుంది.

పద్నాలుగో రోజు పదిహేడు. మర్నాడు తెల్లవారుజామున నాన్న ఆమెను డ్రైవరు సీటు వెనకాల సీట్లో కూర్చోబెట్టుకుని విజయవాడ తీసుకెళ్లాడు. గుంతలు వచ్చినచోటల్లా బస్సు ఎంత నెమ్మదిగా పోనిచ్చాడంటే, ఒకాయన లేచి, "పెళ్లిబస్సా ఇది?" అని అరిచాడు. నాన్న వేగం పెంచలేదు. స్కానింగులో క్లోమగ్రంథి తలభాగంలో కణితి కనిపించింది. అది పక్కనున్న పిత్తవాహికను బయటనుంచి నొక్కేస్తోంది, పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుపోయింది. ఆపరేషను కుదరదన్నారు. నేను సర్జన్‌గారిని పక్కకి పిలిచి, అయిదు రోజుల ముందు వస్తే ఎలా ఉండేదని అడిగాను. "ఇది రోజుల్లో పెరిగింది కాదు బాబూ, నెలలది," అన్నారాయన. "అయినా, సార్, అయిదు రోజులు?" అన్నాను. "అది ఎవరూ చెప్పలేరు," అన్నారు. నాకు ఏదో ఒక అంకె కావాలి. ఆయన దగ్గర లేదు.

అత్తయ్య ఫిల్ము అడిగి తీసుకుని కిటికీకి ఎదురుగా పెట్టి చూసింది. "పూడిక కాదురా. గట్టు మీది బండ లోపలికి నెట్టింది. దారి మూసుకుందని పుస్తకం సరిగ్గానే చెప్పింది. ఎవరు మూశారో చూడ్డానికి మీవాళ్ల దగ్గరకి రావాల్సింది." పాఠం చెబుతున్న గొంతే అది. కాని ఫిల్ము తలకిందులుగా పట్టుకుంది. నేను సరిచేయలేదు.

దారి తెరవడానికి లోపలినుంచి చిన్న గొట్టం వేశారు. నాలుగో రోజు పొద్దున ల్యాబు నిండా జనం ఉన్నప్పుడు ఫోను చేసింది. "ఒరేయ్, నువ్వుల పిండి పోయింది, రంగు వచ్చింది! పసుపుపచ్చగా, బంగారంలా ఉందిరా!" ఆ కేక ఫోను దాటి వరసలో నిలబడ్డవాళ్లకి కూడా వినిపించింది. ఏం బంగారం కొన్నారండీ అని ఒకావిడ అడిగింది. మా అత్తయ్య కొన్నదండీ అన్నాను. దురద తగ్గింది, కళ్లు తెల్లబడ్డాయి. రెండు నెలలు ముందు గదిలో మళ్లీ కూర్చుని హాజరు తీసుకుంది. ఆ తర్వాత కూర్చోలేకపోయింది.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఆమె అరికాళ్లకి నూనె రాస్తూ చెప్పేశాను. "అత్తయ్యా, మందు పనిచేయడం లేదని తొమ్మిదో రోజే నాకు తెలిసింది."

"నాకూ తెలుసు."

"మరి నువ్వెందుకు ఆపలేదు?"

ఆగి ఆగి చెప్పింది. మాట్లాడితే ఆయాసం. "నువ్వు ఆపమంటావని చూశాను. ఇన్నేళ్లూ అందరికీ నేనే చెప్పాను కదరా. ఒక్కసారి నాకెవరైనా చెప్తే విందామనిపించింది."

"నాన్న చెప్పాడుగా."

"వాడు చెప్తే నేనెప్పుడు విన్నాను? తమ్ముడు వాడు," అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "నువ్వు చెప్తే వినేదాన్ని." నా చెయ్యి ఆగిపోయింది. అది గమనించి కాలితో చిన్నగా తట్టింది. "రాయి, రాయి. మడమ దగ్గర రాయలేదు."

ఇంకో పదకొండు రోజులకి పోయింది. సమాధుల తోటలో నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనడు. అంటే బాగుండునని ఉంటుంది. ఆ అయిదు రోజులు ఆమె ఆయుష్షుకి ఏమీ కలపకపోయి ఉండవచ్చు. డాక్టర్లు అలాగే అంటారు, నేను చదువుకున్నదీ అదే. కాని నాకు వాటి బరువు వేరే. అత్తయ్యతో నేను ఇరవై ఏడేళ్లు గడిపాను. అన్నీ ఇద్దరం కలిసి గడిపినవే. ఆ అయిదు రోజులు మాత్రం, ఒకే గదిలో, ఒకే సంగతి తెలిసి, ఎవరికి వాళ్లం గడిపాం.