నాలుగో గంట రీడింగు

సుందర్ రాజు మెకానిక్కు కాదు. ఈ మాట ఆయనే పదిమందికీ పదిసార్లు చెప్పేవాడు గానీ ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. ఖరగ్‌పూర్‌లో ఒక రైల్వే షెడ్డులో పాతికేళ్లుగా ఆయన చేసిన పని ఒక్కటే. మరమ్మతయిన డీజిల్ ఇంజనుని లైను మీదికి పంపే ముందు, నిలబెట్టిన చోటే నాలుగు గంటలు నడిపించి చూస్తారు. ఆ నాలుగు గంటలూ గంటగంటకీ వెళ్లి ఆయిలు ప్రెషరెంత, నీళ్ల వేడెంత, పొగ ఏ రంగులో వస్తోంది అని చూసి రిజిస్టర్లో ఎక్కించాలి. స్పానరు పట్టుకుంటే బొబ్బలెక్కే చెయ్యి ఆయనది. కానీ ఆ చెయ్యి రాసిన అంకె అంటే ఊళ్లో తెలుగువాళ్లకీ బెంగాలీలకీ కూడా గురి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఎవరు పాత స్కూటరు కొన్నా, నీళ్ల పంపు బిగించుకున్నా "ఒకపాలి రాజుగార్ని పిలిసి రాయించండి" అనేవారు. ఆయన వచ్చి, కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, ముల్లు చూసి రాసి, కింద సంతకం పెట్టేవాడు. ఆ కాగితం ఉంటే ఇంక పేచీ లేదు.

ఇంతమంది నమ్మే మనిషి దర్జాగా తిరగాలి. ఈయన దొంగసొత్తు మోస్తున్నవాడిలా తలొంచుకుని నడిచేవాడు. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ ఇస్తారు. సరిగ్గా ఆ ఆదివారమే ఏదో ఒక వంకతో డ్యూటీ వేయించుకునేవాడు. "ఊళ్లో ఇంకెవులూ నేరేటి ఆ షెడ్డుకి? పాస్టరుగారు అడిగితే నానేటని సెప్పాల?" అని భార్య స్వర్ణకుమారి సణిగేది. చెప్పడానికి ఆయన దగ్గరున్నది ఒకటే సమాధానం, అది నోటిదాకా వచ్చి ఆగిపోయేది. చేసిన తప్పు ఒప్పుకోకుండా, అయోగ్యంగా ఆ రొట్టె ముట్టుకుంటే ఏమవుతుందోనని ఆయనకి నిజంగా భయం.

ఆ సమాధానం వయసు ఎనిమిదేళ్లు. ఎనభై నాలుగులో, వానాకాలంలో, ఒక ఇంజను పరీక్షలో ఉంది. వాన కుండపోతగా కురుస్తోంది. సుందర్ రాజు గదిలో ఉన్నాడు, ముల్లు ఇంజను మీద ఉంది, మధ్యలో నలభై అడుగుల బురద. మూడు గంటలూ వెళ్లి చూసొచ్చాడు. మూడుసార్లూ ప్రెషరు ఆరు దగ్గరే ఉంది. షెడ్డులో అందరికీ ఉన్న అలవాటొకటుంది. అంకె మారకపోతే మళ్లీ రాయకుండా దాని కింద రెండు చిన్న గీతలు గీస్తారు, డిట్టో అని. గీసే ముందు మాత్రం వెళ్లి చూసి తీరాలి. నాలుగో గంటకి ఆయన చూడకుండానే గీసేశాడు. ఎవరు మాత్రం తడుస్తారు, మూడుసార్లు లేనిది నాలుగోసారి ఏం మారుతుంది అనుకున్నాడు.

వాన తెరిపిచ్చాక మనసు ఒప్పక వెళ్లి చూశాడు. ఇంజను ఇంకా పూర్తి వేగంలో గర్జిస్తూనే ఉంది. ఆరు దగ్గర ఉండాల్సిన ముల్లు మూడున్నరకి పడిపోయి ఉంది. రిజిస్టర్లో ఒకసారి రాసింది దిద్దాలంటే పక్కన ఫోర్‌మన్ సంతకం కావాలి. ఎందుకు దిద్దుతున్నావని అతను అడుగుతాడు. చూడకుండా రాశానని చెబితే ఉద్యోగమే ఊడుతుంది. రేపు ఎవరో ఒకరు కనిపెడతారులే అని తనకి తానే నచ్చచెప్పుకుని కింద సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రం దేముడనే ఫిట్టరు అదే ఇంజనుకి ఆయిలు ఫిల్టరు విప్పి, కడిగి, మూత బిగించి పంపించాడు. మూడోరోజు గూడ్సు లాగుతూ, ఆయిలందక లోపల బిగుసుకుపోయి ఇంజను పట్టేసింది. మనుషులకేం కాలేదు. ఎంక్వయిరీ పెట్టారు. పరీక్ష రిజిస్టరు తీస్తే నాలుగు గంటలూ ప్రెషరు బ్రహ్మాండంగా ఉంది. ఆ తరవాత ఇంజను మీద చెయ్యి పెట్టినవాడు దేముడొక్కడే. మూత నట్టు సరిగ్గా బిగించలేదు, ఆయిలు కారిపోయింది అని తేల్చారు. సుందర్ రాజుని పిలిచి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఈ రాత నీదేనా అని. నాదేనండీ అన్నాడు. అంతే. దేముణ్ణి ఇంజన్ల పనిలోంచి తప్పించి బ్రేకు దిమ్మలు మార్చే సెక్షనులో పడేశారు. అప్పటికి వాడికి ముప్పై దాటలేదు.

ఆ తరవాతే వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. కుదిరిందనడం కంటే ఈయనే వెళ్లి అతుక్కున్నాడనడం సబబు. దేముడి ఇంట్లో పెళ్లయినా చావయినా ముందు సుందర్ రాజే ఉండాలి. వాడి భార్య చిట్టెమ్మ పురుడు కష్టమైతే రక్తమిచ్చినవాడు ఈయనే. "రాజన్నలాంటోడు మా తోడబుట్టినోల్లలో కూడా నేడు" అని దేముడు నలుగురిలో అంటే, సుందర్ రాజుకి అన్నం సయించేది కాదు. వాడు పొగిడిన ప్రతిసారీ చెప్పాల్సిన మాట ఇంకో రోజు వెనక్కి పోయేది.

తొంభై రెండులో దేముడు వేలంలో ఒక పాత డీజిల్ పికప్పు తెచ్చుకున్నాడు. ఎనిమిదేళ్ల తరవాత మళ్లీ ఒక ఇంజను తన చేతికి దొరికిందని వాడి సంబరం అంతా ఇంతా కాదు. డ్యూటీ దిగడం, బండి కిందికి దూరడం. వెనక బెంచీలు బిగించి, టార్పాలిను కప్పు వేశాడు. తాల్‌బగీచా నుంచి ఒక స్కూలు పిల్లల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే పని మాట్లాడుకున్నాడు. దుర్గాపూజ సెలవుల తరవాత సోమవారం స్కూలు తెరుస్తారు. సెక్రటరీ ఘోష్‌బాబు రిటైరయిన రైల్వే గుమాస్తా, కాగితం లేనిదే కదలడు. "రాజుబాబు లిఖే దిలేఇ హబే" అన్నాడట. రాజుబాబు రాసిస్తే చాలునని. ఆ మాట దేముడు వరమొచ్చినట్టు చెప్పుకున్నాడు. విన్న సుందర్ రాజుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం మధ్యాహ్నం చివరి పరీక్ష. అంతకు ముందు నాలుగు రోజులూ దేముడు డీజిల్ పంపు స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పడం, ఇద్దరూ తిరిగి రావడం, లాగుడెంత పెరిగిందో వేడెంత పెరిగిందో సుందర్ రాజు రాయడం అయింది. ఇవాళ పద్దెనిమిదిమంది పిల్లల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేశారు. డాష్‌బోర్డు మీద దేముడు గోల్‌బజారు పాత సామాన్లలో ఏరి తెచ్చిన ప్రెషరు ముల్లు బిగించి ఉంది. చౌరంగీ కూడలి దాటి మేదినీపూర్ రోడ్డెక్కారు. సుందర్ రాజు ఒళ్లో అట్ట, అట్ట మీద గళ్లు గీసిన కాగితం. రెండు కిలోమీటర్లకొక రీడింగు.

మొదటిది యాభై, ఈ ముల్లు లెక్కలో బాగున్నట్టే. రెండోది యాభై. మూడోది కూడా యాభయ్యే. మూడుసార్లూ అంకె పూర్తిగా రాశాడు. చెమటకి పెన్ను జారిపోతోంది. నీళ్ల వేడి ఎక్కుతోంది. నాలుగోసారి వంగి చూస్తే ముల్లు నలభై మీద వణుకుతోంది. కాంసాయి నది వంతెన కనబడేసరికి ఇరవై ఎనిమిది. ఆయన అట్టని గట్టిగా పట్టుకున్నాడు. "దేముడూ, బండి ఆపరా" అన్నాడు.

దేముడు బండిని రోడ్డు పక్కకి తీశాడు. వేగం తగ్గగానే ముల్లు పదికి జారింది. వాడికీ అర్థమైంది. లోపల బేరింగులు అరిగిపోయాయి. వేడెక్కి ఆయిలు పలచబడితే ప్రెషరు నిలవదు. దేముడు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"అన్నా, ఒక మాట" అన్నాడు. "మూడు యాబైలు రాసినావు గదా. కింద డిట్టో కొట్టీ. సోమారం బండి ఎల్లాల. క్రిస్మస్సు సెలవల్లో ఇంజను ఇప్పి బేరింగులన్నీ మార్చీస్తాను. రెండు నెల్లు మెల్లగా నడుపుతాను. నీ సంతకం లేకపోతే ఘోష్‌బాబు ఇంకోడి బండి మాటాడీసుకుంటాడు. ఎనిమిదేళ్లకి ఒక ఇంజను నా సేతికొచ్చినాదన్నా."

డిట్టో అన్న మాట వినగానే సుందర్ రాజుకి ఆ వాన రోజు గుర్తొచ్చింది. తాల్‌బగీచా నుంచి స్కూలుకి వెళ్లే దారిలో లెవెల్ క్రాసింగు ఉంది. ఇంజను ఎక్కడ పట్టేస్తుందో ముందుగా ఎవరికీ చెప్పదు. పట్టాల మీద పట్టేస్తే? పద్దెనిమిదిమంది పిల్లలు, వెనకవైపు ఒకే ఒక్క తలుపు. రాయనంటే వాడి ఇంజను రెండోసారి తన చేత్తోనే లాక్కున్నట్టవుతుంది. ఏ మొహం పెట్టుకుని వాడికి నీతి చెప్పాలి?

"రాయలేన్రా" అన్నాడు.

"నా కోసం ఒక్కపాలి అబద్ధం రాస్తే నీ సెయ్యి పడిపోద్దేటన్నా?"

"ఒకపాలి రాసినాన్రా. దాని మూలానే నీ సెయ్యి పడిపోయింది."

దేముడు తల తిప్పి చూశాడు. సుందర్ రాజు ఇంక ఆగలేదు. ఆగితే మళ్లీ ఎనిమిదేళ్లు పడుతుందని భయపడ్డాడు. వాన, మూడు రీడింగులు, చూడకుండా గీసిన గీతలు, మూడున్నర దగ్గరున్న ముల్లు, దిద్దడానికి ధైర్యం చాలక పెట్టిన సంతకం, అన్నీ చెప్పేశాడు. మొదటినుంచి చివరిదాకా ఒళ్లో అట్ట కేసి చూస్తూనే చెప్పాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే బండి ఊగుతోంది.

తిడతాడని కాచుకున్నాడు. చెంప మీద కొట్టినా పడదామనుకున్నాడు. దేముడు అడిగింది వేరు.

"ముల్లు నాను రాకముందే పడిపోనాదా?"

"నువ్వు మూత ముట్టుకోకముందే."

"కల్లారా సూసినావా?"

"సూసినాను."

"అయితే ఆ నట్టు నాను బిగించినాను" అన్నాడు దేముడు, తనలో తనే. తరవాత మెల్లగా చెప్పుకుపోయాడు. "బిగించినానో నేదో గేపకం రాక పిచ్చెక్కిపోనాది. ఆల్లందరూ బిగించనేదని అంటంటే నానే మర్సిపోయుంటాననుకున్నాను. సిట్టెమ్మతో ఒప్పీసుకున్నాను. మాయమ్మ సచ్చిపోతా నా సెయ్యట్టుకుని, నువ్వు కాదురా, నువ్వలాటి పని సెయ్యవురా అన్నాది. నానేనే అమ్మా, నానే సేసినాను అని సెప్పినాను. అలగే నమ్మి పోనాది ముసిల్ది."

దేముడి తల్లి సింహాచలమ్మ పోయినప్పుడు పక్కనుండి మట్టి దాకా మోసినవాళ్లలో సుందర్ రాజు ఒకడు. ఆవిడ ఏమని నమ్మి పోయిందో ఆయనకి ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ దేముడికి పోయింది ఇంజను పనే అనుకున్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది. దేముడు ముందు ఏడవడానికి కూడా సిగ్గేసి కళ్లజోడు తీసి పట్టుకున్నాడు.

"రాయి" అన్నాడు దేముడు. "ఇరవై ఎనిమిది ఎయ్యి. పది కూడా ఎయ్యి."

రాశాడు.

"కాగితం తిప్పు. ఇప్పుడా రోజుది రాయి. తారీకేసి, నువ్వు సూసిందేటో అదే రాసి సంతకం ఎట్టు."

సుందర్ రాజు అదీ రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. పాతికేళ్లలో ఆయన రాసిన అతి అసహ్యమైన రాత అదే. దేముడు కాగితం లాక్కుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. షెడ్డులో చూపిస్తాడేమో అనుకున్నాడు సుందర్ రాజు. చూపించొద్దని అడిగే హక్కు కూడా తనకి లేదనిపించింది.

ఇంజను చల్లారాక మెల్లగా వెనక్కి తిరిగారు. సుందర్ రాజు అలవాటు కొద్దీ ముల్లు చూస్తూనే ఉన్నాడు, రాయడానికి కాగితం లేకపోయినా. బండి చౌరంగీ దాటింది, ఓల్డ్ సెటిల్‌మెంట్ మలుపు దగ్గర ఆగింది. సోమవారం ఘోష్‌బాబుకి తనే వెళ్లి బండి తయారవలేదని చెప్పేస్తానన్నాడు దేముడు, ఎదర రోడ్డు చూస్తూ. తరవాత వంగి ఈయన వైపు తలుపు తీశాడు.

"రాజుగారూ, మీరిక్కడ దిగిపోండి" అన్నాడు.

ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. దేముడు అలా పిలవడం అదే మొదటిసారి.